కోకో చేదుకు సపోటా తీపి

కోకో పొడిని గానీ, కరిగించిన చాక్లెట్‌ను గానీ పాలలో కాచి, తీపి చేర్చి, నురుగు తెప్పించి వేడివేడిగా తాగే పానీయాన్ని హాట్ చాక్లెట్ అంటారు. అది బరువైన పానీయమని పేరుపడటానికి కోకో పొడి కంటే దానితో కలిసే దినుసులే ఎక్కువ కారణం. చిక్కని పాలలోని వెన్న, చాక్లెట్ బిళ్లలో ఉండే కోకో వెన్న, వీటికి తోడు ధారాళంగా పడే చక్కెర కలిసి ఒక గ్లాసును చిన్నపాటి భోజనంగా మార్చేస్తాయి. ఈ బరువు తగ్గించాలనుకునేవారు సాధారణంగా చక్కెర మానేసి బెల్లమో తేనెనో వాడతారు. బెల్లంలో ఖనిజాలు కొద్దిగా ఉన్నా, అందులో అధిక భాగం చక్కెరే కాబట్టి ఆ మార్పు వల్ల రుచి మారుతుంది గానీ శరీరానికి చేరే తీపి లెక్క పెద్దగా మారదు. ఇంతకంటే గట్టి మార్గం ఒకటుంది. ముందు కోకోలోని చేదును అదుపు చేస్తే ఆ పానీయం కోరే తీపే తగ్గుతుంది, తగ్గిన ఆ తీపిని బాగా మాగిన పండు ఒక్కటే తీర్చగలుగుతుంది. అయితే ప్రతి పండూ వేడికీ పాలకూ తట్టుకోదు, కనుక ఏ పండును ఎప్పుడు కలపాలన్నదే ఇందులో అసలు విద్య.

ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో ఉన్న కనిగిరికి ఈ పానీయం సంప్రదాయంగా వచ్చింది కాదు. కనిగిరి, పామూరు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో చలిపొద్దున తాగేది టీ, కాకుంటే రాగి జావ. కానీ హాట్ చాక్లెట్‌ను తేలికగా చేయడానికి కావలసిన సరుకులో కోకో ఒక్కటి తప్ప మిగిలినదంతా పశ్చిమ ప్రకాశంలో దొరుకుతుంది, ఆ కోకో కూడా దూరదేశపుది కానక్కర లేదు. మనదేశంలోకి కోకో మొక్క 1798లో తమిళనాడులోని కుర్తాళానికి వచ్చినా, తోటపంటగా నిలదొక్కుకున్నది 20వ శతాబ్దపు రెండో భాగంలో, మొదట కేరళలో, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో. ఇప్పుడు ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి జిల్లాల్లోని కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో అంతరపంటగా కోకో విస్తారంగా పండుతోంది, దేశపు దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా. పశ్చిమ గోదావరి ప్రాంతపు గింజలతో చాక్లెట్ చేసే మనం చాక్లెట్ అనే సంస్థ 2023లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో తన కార్ఖానా తెరిచింది. 2024లో ప్రపంచ మార్కెట్లో టన్ను కోకో ధర 10 వేల డాలర్లు దాటినప్పుడు సంబరపడ్డ గోదావరి రైతులు మరుసటి వేసవిలో గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కవలసి వచ్చింది. డబ్బాలోని గోధుమరంగు పొడి వెనక ఉన్న ఈ సేద్యం పట్టణాల వినియోగదారులకు ఇప్పటికీ పెద్దగా తెలియదు.

కోకో కాయను పగలగొడితే తెల్లని, పుల్లతీపి గుజ్జులో పొదిగిన గింజలు బయటపడతాయి. ఆ గుజ్జుతో సహా గింజలను పెట్టెల్లోనో కుప్పలుగానో 5 నుంచి 7 రోజులు పులియబెడతారు. ఈ దశలో పుట్టే వేడికీ ఆమ్లాలకూ గింజలోని అంకురం చనిపోయి, తరువాత వేయించినప్పుడు చాక్లెట్ వాసనగా మారబోయే పదార్థాలు తయారవుతాయి, చేదూ వగరూ కొంత తగ్గుతాయి. పులియడం సరిగా జరగని గింజ ఎంత వేయించినా వగరుగానే ఉంటుంది, ఆ వగరును కప్పిపుచ్చడానికే చాలా పానీయాల్లో చక్కెర గుమ్మరించవలసి వస్తుంది. ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసిన గింజలో సగానికి పైగా కొవ్వే ఉంటుంది, దానినే కోకో వెన్న అంటారు. 1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం ఈ కొవ్వును మరతో పిండి తీసే పద్ధతికి హక్కు పొందింది. పిండగా మిగిలిన పిప్పిని పొడిచేస్తే వచ్చేదే నేటి కోకో పొడి. ఇందులో కొవ్వు సాధారణంగా 10 నుంచి 22 శాతం మధ్య ఉంటుంది. కాబట్టి తేలికపాటి పానీయానికి చాక్లెట్ బిళ్ల కరిగించడం కంటే పొడి వాడటమే మేలు, ఎందుకంటే చాక్లెట్ వాసన ఎక్కువగా పొడిలోనే నిలుస్తుంది, బరువు కొవ్వుతో పోతుంది.

కోకో పొడిలోనూ రెండు రకాలున్నాయి. సహజమైన పొడి లేతరంగులో, కాస్త పులుపుగా, చురుకైన వాసనతో ఉంటుంది. క్షారంతో శుద్ధి చేసిన పొడి నల్లగా, మెత్తని రుచితో ఉంటుంది. ఈ క్షారశుద్ధి పద్ధతిని కూడా వాన్ హౌటెన్‌ల పేరుతోనే చెప్పుకుంటారు. క్షారం వల్ల చేదు తగ్గి పొడి నీటిలో సులువుగా కలుస్తుంది గానీ, రక్తనాళాలకు మంచివని పరిశోధకులు చెప్పే ఫ్లావనాల్స్ అనే పదార్థాలు దాంతోపాటే చాలావరకు నశిస్తాయి. డబ్బా మీద దినుసుల పట్టికలో ఆమ్లత నియంత్రకం అని, దాని పక్కన 500 లేదా 501 సంఖ్య ఉంటే అది క్షారశుద్ధి జరిగిన పొడి అని గుర్తించవచ్చు. తక్కువ తీపితో సరిపెట్టుకోదలచిన ఇంటికి ఏది మంచిదన్న ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పడం కష్టం. పిల్లలకు చేస్తే చేదు తక్కువున్న నల్లపొడి పండు తీపితోనే చెల్లిపోతుంది. పెద్దలు తాగేదైతే సహజమైన పొడికి ఓర్చుకోవడమే న్యాయంగా కనిపిస్తుంది.

కోకో పొడి వేరు, అంగళ్లలో దొరికే డ్రింకింగ్ చాక్లెట్ వేరు. రెండవదానిలో ఎక్కువ భాగం చక్కెర, తక్కువ భాగం కోకో. ఆహార పదార్థాల పొట్లాల మీద దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్న నియమం ఉన్నది కనుక, మొదటి పేరు చక్కెర అయితే కొనేది ఏమిటో అక్కడే తేలిపోతుంది. చాక్లెట్ రుచితో వచ్చే మాల్ట్ పొడుల సంగతీ ఇంచుమించు ఇదే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, ఆన్‌లైన్ అంగళ్లు బోర్న్‌విటా వంటి పానీయాలను ఆరోగ్య పానీయాల వరుసలో అమ్మకూడదని సలహా ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం విడి చక్కెరలు, అంటే పైనుంచి కలిపే చక్కెర, తేనె, పాకాలు, పండ్ల రసాల ద్వారా వచ్చేవి, రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతానికి, అంటే పెద్దవారికి సుమారు 25 గ్రాములకు తగ్గితే మరీ మంచిది. 20 గ్రాముల డ్రింకింగ్ చాక్లెట్ పొడిలో మూడింట రెండు వంతులు చక్కెర అనుకుని, దానిపై అలవాటుగా రెండు చెంచాల చక్కెర కలిపితే ఆ ఒక్క గ్లాసుతోనే ఆ 25 గ్రాముల్లో చాలామట్టుకు చెల్లిపోతుంది. భారత్‌లో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన అధ్యయనం 2023లో తేల్చిన తరువాత ఈ లెక్కను చిన్నదిగా చూడటానికి వీల్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో పూర్తి పండులోని చక్కెర ఈ విడి చక్కెరల కిందికి రాదు. పండు కణాల గోడల మధ్య, పీచుతో, నీటితో కలిసి ఉండే ఆ తీపి నెమ్మదిగా ఒంటబడుతుంది. కానీ పండును మిక్సీలో మెత్తగా రుబ్బినప్పుడు ఆ గోడలు కొంతవరకు చితికిపోతాయి, అందుకే బ్రిటన్ వంటి దేశాల్లో రుబ్బిన పండు గుజ్జును కూడా విడి చక్కెరగానే లెక్కిస్తున్నారు. పండుతో తీపి చేసిన పానీయం చక్కెర పానీయం కంటే మెరుగైనదే, అయినా కొరికి తిన్న పండుతో సమానం కాదు. ఈ తేడా దాచకుండా చెప్పడం అవసరం. రుబ్బడం కంటే చేత్తోనో గరిటెతోనో మెదిపి, పీచును వడగట్టకుండా ఉంచడం ఆ తేడాను కొంత తగ్గిస్తుంది.

పశ్చిమ ప్రకాశంలో దొరికే పండ్లలో కోకోకు అన్నిటికంటే బాగా కుదిరేది సపోటా. బాగా మాగిన సపోటా రుచిలో సన్నగా కాచిన బెల్లపు వాసన ఉండటం వల్ల అది కోకో వాసనను చెరపకుండా దాన్ని బలపరుస్తుంది. పులుపు దాదాపు లేకపోవడం వల్ల పాలను విరగ్గొట్టదు, గుజ్జు మెత్తగా ఉండి పానీయానికి చిక్కదనమూ ఇస్తుంది. అయితే పండు పూర్తిగా మెత్తబడే దాకా ఆగాలి. సగం పండిన సపోటాలో జిగురు పాలు, టానిన్లు అనే వగరు పదార్థాలు నిండుగా ఉంటాయి, కోకోలోనూ అదే జాతి వగరు ఉంది కనుక రెండూ కలిసి నోరు పట్టేసి తాగేవారిని ఇక ఆ పానీయం జోలికి రానివ్వవు. తొక్క ఒలిచి, గింజలు తీసి, తొడిమ దగ్గరి గట్టి భాగాన్ని పారేసి, మిగిలిన గుజ్జును మెదిపితే 100 గ్రాముల్లో సుమారు 14 గ్రాముల వరకు తీపి ఉంటుంది.

అరటిపండు అందరికీ అందేది, ఏడాది పొడవునా దొరికేది. పచ్చిగా ఉన్నప్పుడు అరటిలో ఎక్కువగా ఉండే పిండిపదార్థం మాగేకొద్దీ చక్కెరగా మారుతుంది. తొక్క మీద నల్లమచ్చలు పడిన పండు అందుకే తీపి పానీయాలకు పనికొస్తుంది, చక్కెరకేళి రకమైతే ఇంకా మంచిది. అరటిని కోకోతో కలపడంలో ఒక చిక్కు ఉంది. కోసిన అరటిపండు గాలికి నల్లబడటానికి కారణమయ్యే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, అంటే జీవకణాల్లో రసాయన మార్పులను వేగిరపరిచే ఒక ప్రోటీను, కోకోలోని ఫ్లావనాల్స్‌ను కూడా పాడుచేస్తుంది. 2023లో అమెరికా, బ్రిటన్ పరిశోధకులు అరటి కలిపిన చల్లని స్మూతీతో ఫ్లావనాల్స్ తీసుకున్నవారి రక్తంలో వాటి మోతాదు, గుళికగా తీసుకున్నవారితో పోలిస్తే 84 శాతం తక్కువగా ఉందని ప్రకటించారు. ఈ ఎంజైము వేడికి ఓర్వలేదు. అందువల్ల అరటి ముక్కలను ముందుగా పాలలో వేసి రెండు మూడు నిమిషాలు ఉడికించి, తరువాతే కోకో కలిపితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. చల్లటి అరటి చాక్లెట్ షేక్‌లో ఈ అవకాశం ఉండదు గనుక ఈ ఒక్క విషయంలో వేడి పానీయానిదే పైచేయి.

సీతాఫలానికి సరిగ్గా దీనికి వ్యతిరేకమైన స్వభావం ఉంది. నల్లమల అంచున గిద్దలూరు, మార్కాపురం, దోర్నాల వైపు కొండల్లో వర్షాకాలపు చివరి నెలల్లో కాసే సీతాఫలం, చలి మొదలయ్యే వేళకు అంగళ్లకు దిగుతుంది. వేడి పానీయం తాగాలనిపించే కాలమూ అదే. కానీ దాని గుజ్జును సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేస్తే చేదెక్కుతుంది. పండ్ల గుజ్జు నిల్వచేసే పరిశ్రమలను ఏళ్లుగా ఇబ్బందిపెడుతున్న ఈ గుణం వల్ల సీతాఫలపు తీపి పదార్థాలు చాలావరకు చల్లగానే తయారవుతాయి. కోకో పాలు దించి, గ్లాసులో పోసి, ఆవిరి తగ్గాక మాత్రమే గుజ్జును కలిపితే ఈ చేదు పుట్టదు. గింజల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. సీతాఫలం గింజల్లో విషగుణమున్న పదార్థాలు ఉంటాయి, వాటి పొడి కంట్లో పడితే తీవ్రమైన మంట, వాపు కలుగుతాయి, కాబట్టి గుజ్జును మిక్సీలో వేసే ముందు ఒక్క గింజ కూడా మిగలకుండా జల్లెడలో రుద్ది తీయాలి. చేతిని నమ్మలేనప్పుడు మిక్సీ వాడకపోవడమే క్షేమం.

పశ్చిమ ప్రకాశంలో బత్తాయి తోటలకు ఒకప్పుడు ఉన్నంత ఊపు ఇప్పుడు లేదు, వరుస కరవుల్లో బోర్లు ఎండి చాలా తోటలు దెబ్బతిన్నాయి. బత్తాయి రసాన్ని పాలతో కలిపితే పులుపు వల్ల పాలు విరుగుతాయి. పాలలోని కేసిన్ అనే ప్రోటీను పీహెచ్ 4.6 దగ్గర ముద్దలుగా విడిపోతుంది, వేడి తోడైతే అంతకంటే ముందే విడిపోతుంది. అంతమాత్రాన బత్తాయిని పక్కన పెట్టనక్కర లేదు. తోలుపై ఆకుపచ్చ పొరను మాత్రమే సన్నగా గీరి, తెల్లని చేదు భాగం తగలకుండా, రెండు చిటికెలు వేస్తే అందులోని నూనె వాసన కోకోతో అద్భుతంగా జతకడుతుంది, తీపి పెరగకుండానే తీపిగా తోస్తుంది. బొప్పాయిని మాత్రం వదిలేయడం మంచిది. దానిలోని పపైన్ పాలలోని ప్రోటీన్లను విరగ్గొట్టి చేదు పుట్టిస్తుంది, మాగిన పండులో అది తగ్గినా పూర్తిగా పోదు. అనాసపండుతోనూ ఇదే కష్టం. ఖర్జూరం తీపికి తిరుగులేదు గానీ ఎండిన పండు కావడంతో దానిలో బరువుకు మూడింట రెండు వంతుల వరకు చక్కెరే ఉంటుంది, తేలికపాటి పానీయానికి ఒకటికి మించి వేస్తే ఉద్దేశమే దెబ్బతింటుంది.

పండు తీపికి వేడితో మరొక సంబంధం ఉంది, దానిని వంటవాళ్లు సాధారణంగా గమనించరు. పండ్లలో ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర చల్లగా ఉన్నప్పుడు మామూలు చక్కెర కంటే తీపిగా ఉంటుంది, ద్రవం వేడెక్కేకొద్దీ దాని అణువులు తక్కువ తీపి రూపంలోకి మారి ఆ ఆధిక్యం పోతుంది. అందువల్ల పొగలు కక్కుతున్న గ్లాసులో చప్పగా తోచిన పండు చాక్లెట్ కొంచెం ఆరాక సరిపడా తియ్యగా అనిపిస్తుంది. తొందరపడి చక్కెర కలిపేవారు చాలామంది ఈ కొద్ది నిమిషాల ఓపిక లేనివారే. 65 డిగ్రీలు దాటిన వేడితో పానీయాలు తాగే అలవాటును అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2016లో అన్నవాహిక కేన్సర్‌కు దారితీసే అవకాశమున్న వాటిలో చేర్చింది కనుక, కాస్త ఆరనిచ్చి తాగడానికి అది రెండో కారణం. చేదును అణచడంలో ఉప్పుదీ పాత్ర ఉంది. నాలుక మీద చేదు తెలియకుండా చేసే గుణం సోడియానికి ఉండటం వల్ల, కోకో పానీయంలో చిటికెడు కంటే తక్కువ ఉప్పు వేస్తే ఉప్పదనం తెలియకుండానే తీపి కొంచెం పైకి వస్తుంది.

పాల సంగతికి వస్తే, ఒంగోలు ఆవుకు ప్రపంచంలో పేరు తెచ్చిన జిల్లా అయినా ప్రకాశంలో ఇళ్లకు చేరేవి ఎక్కువగా గేదె పాలే. గేదె పాలలో వెన్న సాధారణంగా 6 నుంచి 8 శాతం ఉంటుంది, ఆవు పాలలో దాదాపు 4 శాతం, ప్యాకెట్లలో వచ్చే టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. గేదె పాలలో వెన్న తీసిన పాలపొడి, నీరు కలిపి వెన్న శాతం తగ్గించే ఈ టోన్డ్ పద్ధతి 1940లలో బొంబాయిలో దారా ఖురోడీ ఆలోచనతో మొదలైంది. అప్పట్లో దాని లక్ష్యం పేదలకు పాలు చవకగా అందించడమే. వెన్న తగ్గిన పాలు పలచగా ఉండి గ్లాసు నిండుగా అనిపించవని కొందరి ఫిర్యాదు. దానికి ఈ ప్రాంతంలోనే సమాధానం ఉంది. ఒక చెంచా రాగి పిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోస్తే, అది ఉడికి జిగురెక్కి, మీగడ లేని లోటు తీరుస్తుంది. రాగి వాసనకు కోకోతో విరోధం లేదు, పైగా 100 గ్రాముల రాగిలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మార్కెట్లో మొక్కజొన్న పిండి వాడే చోట రాగి వాడటం ఆరోగ్యం పేరిట చేసే ఫ్యాషన్ కాదు, రుచి కోసం చేసినా తగినదే.

కాల్షియం ప్రస్తావన కనిగిరిలో ఊరికే రాదు. ఈ ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లను గారపట్టించి, ఎముకలను, కీళ్లను వంచేసే ఫ్లోరోసిస్ వ్యాధి భారతదేశంలో మొట్టమొదట 1937లో షార్ట్ తదితర వైద్య పరిశోధకుల నివేదిక ద్వారా వెలుగులోకి వచ్చింది నెల్లూరు జిల్లా నుంచే. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా, అంటే తరువాతి ప్రకాశం జిల్లా, ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు ఆ జిల్లాలోనివే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఆమోదయోగ్యమని, మరో నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది, లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీటిని సగమయ్యేదాకా మరిగిస్తే అది 4 అవుతుంది. దీనికి తోడు తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో కూడబెట్టుకునే గుణం కలది. బోరు నీళ్లతో గంటల తరబడి మరిగే టీ గురించి కనిగిరి, వెలిగండ్ల, పామూరు, చంద్రశేఖరపురం మండలాల్లో ఇంతకంటే ఎక్కువ చర్చ జరగవలసింది. పాలు ఎక్కువగా, నీళ్లు తక్కువగా, తక్కువ సేపు కాచే కోకో పానీయం ఈ దృష్టితో టీ కంటే మెరుగు, పాలలోనూ రాగిలోనూ ఉన్న కాల్షియం ఫ్లోరైడ్‌తో కలిసి దాని శోషణను కొంత అడ్డుకుంటుంది కూడా. ఇది మందు కాదు. శుద్ధిచేసిన నీరో, నదీజలమో అందడమే ఈ వ్యాధికి అసలు పరిష్కారం. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా నీరు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు కోసం ఈ మండలాలు పాతికేళ్లకు పైగా ఎదురుచూస్తున్నది సాగుకోసం మాత్రమే కాదు.

ఇద్దరికి సరిపడే పానీయానికి 300 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు, 100 మిల్లీలీటర్ల శుద్ధిచేసిన నీరు, రెండు చెంచాల, అంటే సుమారు 10 గ్రాముల తీపి లేని కోకో పొడి, ఒక చెంచా రాగి పిండి, మాగిన రెండు చిన్న సపోటాల గుజ్జు, చిటికెడులో సగం ఉప్పు, ఒక యాలక్కాయ చాలు. కోకో పొడిలో మిగిలిన కొవ్వు వల్ల అది నీటిని తోసేస్తుంది, అందుకే నేరుగా పాలలో వేస్తే పైన తేలి ఉండలు కడుతుంది. ముందు గిన్నెలో పొడి, ఉప్పు వేసి, కొద్దికొద్దిగా వేడినీళ్లు పోస్తూ మెరిసే ముద్దగా నూరి, ఆ ముద్దను మిగిలిన నీళ్లతో చిన్న మంట మీద రెండు నిమిషాలు ఉడికించాలి. పచ్చివాసన పోయి, కోకోలోని పిండిపదార్థం పదునెక్కి, చేదు గుండ్రబడేది ఈ రెండు నిమిషాల్లోనే. తొందరలో ఈ దశను దాటవేయడమే ఇళ్లలో చేసే హాట్ చాక్లెట్ మట్టివాసన కొట్టడానికి ముఖ్య కారణం. తరువాత పాలు, చన్నీళ్లలో కలిపిన రాగి పిండి పోసి, అడుగంటకుండా కలుపుతూ ఒక పొంగు రానివ్వాలి. పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగి సపోటా గుజ్జు, నలిపిన యాలక్కాయ వేసి కవ్వంతో గిలకొట్టాలి. అరటి వాడితే అది పాలతోపాటే ఉడకాలి, సీతాఫలమైతే గ్లాసులోకి పోశాకే చేరాలి. మధ్య అమెరికాలోని మాయా ప్రజలు కోకో పానీయాన్ని ఒక పాత్ర నుంచి మరొక పాత్రలోకి ఎత్తునుంచి పోసి నురుగు తెప్పించేవారని 8వ శతాబ్దపు పాత్రల మీది బొమ్మలు చూపిస్తాయి. టీ కొట్టులో చెయ్యి తిరిగినవారికి కొత్తగా నేర్పవలసిన పని కాదు కనుక కవ్వం లేనిచోట ఆ పద్ధతే చాలు.

ఇలా చేసిన ఒక గ్లాసులో సుమారు 150 కేలరీలు ఉంటాయి, చిక్కని గేదె పాలు, డ్రింకింగ్ చాక్లెట్ పొడి, రెండు చెంచాల చక్కెరతో చేసినదానిలో అది 300 దాటుతుంది. పండు నుంచి వచ్చే తీపి గ్లాసుకు 7 గ్రాముల దగ్గర ఆగుతుంది, పాల సహజమైన తీపి దానికి అదనం. మధుమేహమున్నవారికి ఇది కూడా లెక్కలోకి వచ్చే పానీయమే. వారు సపోటా, సీతాఫలం సగానికి తగ్గించి, అన్నం తిన్న వెంటనే కాక వేరే వేళల్లో తాగితే మంచిది. కోకోలోని పాలీఫినాల్స్ ఆహారంలోని ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వవు కాబట్టి రక్తహీనత ఉన్న స్త్రీలు, పిల్లలు భోజనానికీ దీనికీ గంట రెండు గంటల ఎడం ఉంచుకోవాలి. కోకోలో ఆక్సలేట్లు హెచ్చుగా ఉన్నందున మూత్రపిండాల్లో రాళ్ల బాధ ఉన్నవారు వైద్యుని అడిగి తాగాలి. గ్లాసు అడుగున మిగిలిన కోకోను పెంపుడు కుక్కకు పోయకూడదు, మనుషులకు హాయినిచ్చే థియోబ్రొమిన్ అనే పదార్థం కుక్కలకు విషం. సపోటా గుజ్జు కలిపిన పానీయం నిల్వ ఉండదు, మళ్లీ కాచితే రంగు, రుచి రెండూ మారతాయి. గుజ్జును ఐస్ గడ్డలుగా విడిగా గడ్డకట్టించి దాచుకుని, కోకో ముద్దను గాజుసీసాలో ఫ్రిజ్‌లో రెండు రోజుల వరకు ఉంచుకుని, ఎప్పటికప్పుడు ఒక గ్లాసుకు చాలినంత కలుపుకోవడం ఉద్యోగాలకూ బడులకూ పరుగెత్తే ఇళ్లలో పనికొచ్చే పద్ధతి.